వాడుకలో ఉంది

ఆదివారం మధ్యాహ్నం యూనివర్సిటీలో ఎవరూ ఉండరని సాంకేతిక విభాగంవాళ్ల నమ్మకం. నా భార్య ఉండేది.

లైబ్రరీ కింద నేలమాళిగలో పాత పుస్తకాలు బాగుచేసే గది ఆమెది. శనివారం జిగురు పూసి ప్రెస్‌లో బిగించిన పుస్తకాలను ఆదివారం ఒకసారి విప్పి, తేమ పీల్చడానికి మధ్యలో పెట్టిన అద్దుడు కాగితాలు మార్చి, మళ్లీ బిగించాలి. లేకపోతే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. ఆదివారాలు కూడా ఏం పని అని అడిగితే, “మీ పిల్లలకున్నట్టు పుస్తకాలకు సెలవులుండవు మేష్టారూ” అనేది. నేను బడిలో పాఠాలు చెబుతాను. నన్ను వెక్కిరించడానికే మేష్టారూ అని పిలిచేది. మిగతా వేళల్లో ‘ఏమండీ’.

ఆ గదిలో సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందదు. బల్ల మీద నల్లటి ఫోన్ ఒకటి ఉండేది. ఏదన్నా కావాలంటే అందులోనే మాట్లాడాలి.

కిందటేడు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమెకు గుండెపోటు వచ్చింది. ప్రెస్ దగ్గర్నుంచి బల్ల దాకా రాగలిగింది. రిసీవర్ ఎత్తింది. ఆ సమయానికి సాంకేతిక విభాగంవాళ్లు నెట్‌వర్క్ పరికరాలు మారుస్తున్నారు. ప్రాంగణంలోని ఫోన్లన్నీ ఆ నెట్‌వర్క్ మీదే నడుస్తాయట. అది ఆగితే అవీ ఆగుతాయి. సాయంత్రం తలుపులు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ ఆమెను చూశాడు. రిసీవర్ తీగకు వేలాడుతూ ఉందని చెప్పాడు. అంతకంటే చెప్పించుకోవడం నావల్ల కాలేదు.

నెల దాటాక యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. ఫోన్ పనిచేయదని ఆమెకు ఎందుకు చెప్పలేదు, అని ఒక్కటే వాక్యం. జవాబుగా, ముందే పంపామంటూ ఒక ప్రకటన నకలు వచ్చింది. “ప్రాంగణ అనుసంధాన వ్యవస్థ ఆధునికీకరణలో భాగంగా, ఆదివారం నిర్ణీత వ్యవధిలో కొన్ని సేవలు పాక్షికంగా ప్రభావితం కాగలవని తెలియజేయడమైనది” అని మొదలైంది. మొత్తం నాలుగు పేరాలు. ఫోన్ అన్న మాట ఎక్కడా లేదు. చివరి పేరాలో ‘వాణి ఆధారిత సేవలు’ అని ఉంది.

ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల దొంతర పక్కనే ఉంది. పిల్లలు పెద్ద మాటలు వాడినప్పుడు అంచులో రాసే మాటే ఆ నకలు అంచులోనూ రాశాను. ‘ఏం చెప్పదలుచుకున్నావు?’ దాని కింద, ఆమెకు అర్థమయ్యేలా ఎలా ఉండాలో మూడు వాక్యాల్లో రాసి తిరిగి పంపాను. జవాబు వస్తుందనుకోలేదు.

వచ్చింది. ఆ విభాగం డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేశాడు. ప్రాంగణంలో జనానికీ తమకూ మధ్య మాట సరిగా అందడం లేదని తాము ఒప్పుకుంటున్నామనీ, దాన్ని బాగుచేయడానికి కమిటీ వేస్తున్నామనీ, అందులో నేను కూర్చుంటే బాగుంటుందనీ అన్నాడు. గొంతులో నటన లేదు.

మా బావమరిదికి అది నచ్చలేదు. ఆమె తమ్ముడు. లారీ నడుపుతాడు. అక్క పోయినప్పట్నుంచీ వారానికోసారి వచ్చి, వంటగదిలో నిలబడి, నేను తింటున్నానో లేదో చూసిపోతాడు.

“వాళ్లతో నీకేం పని బావా?”

“రాయడం నేర్పమంటున్నారు.”

“వాళ్లకి రాయడం రాక చచ్చిపోయిందా అక్క?”

“చదివితే అర్థమయ్యేలా రాసుంటే ఆ రోజు వెళ్లేది కాదు.”

“వెళ్లేది” అన్నాడు. “నీకు తెలియదా మా అక్క? పుస్తకాలకి బూజు పడుతుందంటే మంచంలోంచి లేచి వెళ్లే మనిషి.”

“వెళ్లినా ఒంటరిగా వెళ్లేది కాదు. నన్ను రమ్మనేది.”

వాడు గిన్నె మూత తీసి చూసి, మళ్లీ పెట్టాడు. “నిన్నటి కూరే ఉందిగా ఇంకా” అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగింది.

సాంకేతిక విభాగం మూడో అంతస్తులో ఉంది. మీటింగ్ గదికి గాజు గోడలు. బయట వరుసగా కుర్చీల్లో చెవులకు మైకులు తగిలించుకున్న కుర్రవాళ్లు, ‘ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా మేడమ్’ అని ఓపిగ్గా అడుగుతూ కనిపించేవారు. కమిటీలో డైరెక్టర్, నేను, ఇద్దరు ప్రొఫెసర్లు, ప్రకటనలు రాసే సమాచార అధికారి. ఆ అధికారి నా పాత విద్యార్థుల వయసున్న అమ్మాయి. ఆమె రాసిన నాలుగు పేరాల మీద నేను పెట్టిన గీతలు ఆమె ముందు ఫైల్లో ఉన్నాయి. మొదటి రోజు నా కళ్లలోకి చూడలేదు.

“నేను మామూలుగానే రాస్తాను సార్” అంది చివరికి. “ఆ తర్వాత పైన నలుగురు చూస్తారు. ఒక్కొక్కరూ ఒక్కో మాట కలుపుతారు. ఫోన్ అని రాస్తే, ఫోన్ ఒక్కటేనా అని ఎవరైనా అడుగుతారని సేవలు అని మార్చారు.”

“సేవలు అంటే ఎవరికి తెలుస్తుందమ్మా?”

“మాకు తెలుస్తుంది సార్” అంది. అన్నాక తల దించుకుంది.

ఆ రోజే డైరెక్టర్ కిందటేడు పని ముగిశాక తయారైన నివేదిక చూపించాడు. దాచకుండా అన్నీ చూపించాలని ఆయన ఉద్దేశం. నెట్‌వర్క్ తిరిగి రాగానే ఒక యంత్రం ప్రాంగణంలోని ప్రతి ఫోనుకూ దానంతటదే కాల్ చేస్తుంది. ఎత్తితే ‘మీ ఫోన్ పనిచేస్తోంది’ అని రికార్డు చేసిన గొంతు చెబుతుంది. ఎత్తారా, మోగి ఊరుకుందా, మోగనేలేదా అన్నది రాసుకుంటుంది. మోగని ఫోనును మాత్రం మనిషి వెళ్లి చూస్తాడు. నేను నేలమాళిగ నంబరు కోసం వెతికాను. వేలు పెట్టుకుంటూ వెళితే దొరికింది. దానికి ఎదురుగా ‘వాడుకలో ఉంది’ అని ఉంది.

“అంటే?” అన్నాను.

“అంటే ఎవరో మాట్లాడుతున్నారని సార్. ఆ ఫోన్ బాగున్నట్టే లెక్క...” అని మొదలుపెట్టి, ఆ ఎదురుగా ఉన్న నంబరు ఏదో అప్పుడు చూశాడు.

రిసీవర్ వేలాడుతూ ఉందని వాచ్‌మన్ చెప్పిన మాట నాకు గుర్తుంది. సమాచార అధికారి లేచి మంచినీళ్ల గ్లాసు నా ముందు పెట్టింది.

ఆ తర్వాత కూడా వెళ్లాను. ఎందుకు వెళ్లావని బావమరిది అడిగాడు. ఆమె గదిలోకి కొత్త బైండర్ వచ్చింది, అదే కారణం. పాతికేళ్ల పిల్ల. నా భార్య చేతికింద ఒక వేసవి పని నేర్చుకుందట. మొదటి మీటింగ్ అయ్యాక కిందికి వెళ్లి చూశాను. అదే ప్రెస్, అదే బల్ల, అదే ఫోన్. కాగితం మడతలు నొక్కడానికి ఎముకతో చేసిన మడతపుల్ల కూడా నా భార్యదే. అంచున ఆమె పళ్ల గుర్తులు. దారం పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చినప్పుడు దాన్ని నోట్లో పెట్టుకునేది.

“ఆదివారాలు వస్తావా అమ్మా?” అని అడిగాను.

“రాకపోతే ఎలా సార్? అద్దుడు కాగితాలు మార్చాలిగా” అంది. “మేడమ్ చెప్పారు, పుస్తకాలకి సెలవులుండవని.”

నెట్‌వర్క్ పని ఇంకా మిగిలి ఉంది. ఈ ఏడాది మరో ఆదివారం ఆపుతారు. ఆ రోజు ఈ ఫోన్ పనిచేయదని ఈ పిల్లకు ముందుగా తెలియాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. క్షమాపణలు అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు. ఆ మాట డైరెక్టర్‌కు చెప్పాను. కావాలంటే నేనే ఆ అమ్మాయికి చెబుతానన్నాను.

“మీరు ఒక్కరికి చెబుతారు. మిగతా గదుల్లో ఉన్నవాళ్ల సంగతేమిటి సార్?” అన్నాడు. “అందరికీ అందే పద్ధతి ఉండాలి. దానికేగా ఈ కమిటీ.”

అది నిజమేననిపించింది. పాఠం చెప్పేవాడికి అలాంటి మాట సులువుగా నచ్చుతుంది. బైండర్ అమ్మాయికి నేనేమీ చెప్పలేదు. ప్రకటన వెళ్లినప్పుడు ఆమెకు అందాలి, చదవాలి, అర్థం కావాలి. అప్పుడే నా పని నిజంగా అయినట్టు.

మీటింగులు మూడు నెలలు నడిచాయి. ప్రకటనకు బొమ్మ ఉండాలని ఒక ప్రొఫెసర్, రంగు మారాలని ఇంకొకరు. శీర్షికలో ‘ముఖ్యం’ అని పెడితే ఎవరూ తెరవరని సమాచార అధికారి అంది. అన్నిటికీ ముఖ్యం అనే పెడుతున్నారట. నేను వాక్యాల దగ్గరే ఉండిపోయాను. చివరికి ఇలా తేలింది:

“ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మీ గదిలో ఫోన్ పనిచేయదు. ఎంత అవసరం వచ్చినా పనిచేయదు. ఆ సమయంలో గదిలో ఒంటరిగా ఉండకండి.”

మూడో వాక్యం దగ్గర పెద్ద గొడవ. జనం భయపడతారన్నారు. బాధ్యత మన మీద పడుతుందన్నారు. ‘వీలైనంతవరకు’ అని చేర్చమన్నారు. నేను ఒప్పుకోలేదు. గొంతు పెంచలేదు, తరగతిలో కూడా పెంచను. కానీ ఆ వాక్యం పోతే నేనూ పోతానని చెప్పాను. డైరెక్టర్ చివరికి, “ఉంచండి” అన్నాడు. సమాచార అధికారి నాకు మాత్రమే కనిపించేలా చిన్నగా నవ్వింది.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తుంటే, ఏడాదిలో మొదటిసారి ఆమెకు చెప్పుకోవాలనిపించే విషయం ఒకటి నా దగ్గర ఉంది. ఏమంటుందో కూడా తెలుసు. “మూడు నెలల్లో మూడు వాక్యాలా మేష్టారూ? మీ పిల్లలు పరీక్షలో ఇంకాస్త ఎక్కువే రాస్తారు.”

నెట్‌వర్క్ ఆపే ఆదివారం పదకొండున్నరకే లైబ్రరీకి వెళ్లాను. నేలమాళిగ మెట్లు దిగుతుంటే జిగురు వాసన వచ్చింది. ఆ గదిలో ఎవరూ ఉండరని, లేదా ఇద్దరుంటారని అనుకుంటూ దిగాను. బైండర్ అమ్మాయి ఒక్కతే ప్రెస్ మర తిప్పుతోంది.

“సార్, మీరా? కూర్చోండి, ఆ స్టూలు మీద కాగితాలు పక్కన పెట్టేసి.”

“ఒక్కదానివే ఉన్నావే? ప్రకటన చూడలేదా?”

“ఏ ప్రకటన?”

“ఫోన్ గురించి. బుధవారం పంపారు.”

చేతులు తుడుచుకుని, గోడ పక్కనున్న కంప్యూటర్‌లో చూసింది. నేనూ వంగి చూశాను. పార్కింగ్ గురించి ఒకటి ఉంది. క్యాంటీన్ వేళల గురించి ఒకటి. మాది లేదు.

పన్నెండయ్యాక ఫోన్ పనిచేయదని ఆమెకు చెప్పి, పైకెక్కి సాంకేతిక విభాగానికి వెళ్లాను. పని ఉన్న రోజు కాబట్టి అందరూ అక్కడే ఉన్నారు. సమాచార అధికారి నన్ను చూసి ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“సార్, ఇంతవరకు ఏ ప్రకటననీ ఇంతమంది చదవలేదు. మామూలుగా పదిమందిలో ఇద్దరు తెరుస్తారు. ఈసారి ఎనిమిది మంది.”

“నేలమాళిగకు అందలేదమ్మా.”

“అందింది సార్. నేనే ప్రత్యేకంగా చూశాను.” తన కంప్యూటర్ నా వైపు తిప్పింది. “ఇదిగోండి. పంపాం. తెరిచారు. చివరిదాకా చదివారు. జవాబు కూడా ఇచ్చారు.”

“ఏమని?”

“ఆ జవాబులు మాకు రావు సార్. అది పంపడానికి మాత్రమే ఉన్న చిరునామా. లోపలికి వచ్చేవి ఎవరూ చూడరు.”

“చూడొచ్చా?”

ఆమె ఎవరినో అడిగింది. ఆయన ఇంకెవరినో అడిగాడు. తెరవగలిగే మనిషి దొరికేసరికి, నెట్‌వర్క్ ఆపడానికి ఇంకా అయిదు నిమిషాలే ఉంది. ఆ పెట్టెలో వేలకొద్దీ జవాబులు ఎవరూ తెరవకుండా పడి ఉన్నాయి. బుధవారం వచ్చింది వెతికి తెరిచారు. ఒక్క వాక్యం. “ఇది లైబ్రరీ కింద గది కాదు, ఈతకొలను కింద గది, ఎన్నిసార్లు చెప్పాలి.”

సమాచార అధికారి ముఖంలో రంగు పోయింది. భవనాలకు కొత్త నంబర్లు వేసినప్పుడు రెండు నేలమాళిగలూ తారుమారయ్యాయట. చిరునామాల జాబితా తమది కాదట, భవనాల శాఖదట. అదంతా ఆమె గబగబా చెబుతోంది. ఎన్నిసార్లు చెప్పాలి అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అంతకుముందువి చూడమని అడగలేదు. అడగనక్కర్లేకపోయింది.

ఈతకొలను పక్క వీధే. కింద గదిలో నీళ్లు శుభ్రం చేసే మోటర్లు హోరుమంటున్నాయి. దాన్ని చూసుకునే మనిషి నా వయసువాడు. రబ్బరు బూట్లతో పీట మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. ఎవరని అడిగితే, ప్రకటన రాసిన మేష్టార్నని చెప్పాను.

“ఓహో, ఆ లైబ్రరీ గది ప్రకటనలా. నాకే వస్తాయండీ అవి. నాలుగేళ్లుగా. మీ పుస్తకాలు ఫలానా రోజు తిరిగివ్వండి, మీ ప్రెస్ పరీక్ష ఫలానా రోజు. నాకు ప్రెస్ ఎక్కడిదండీ? ఉన్నవి రెండు మోటర్లు.” నవ్వాడు. “మొదట్లో వచ్చినప్పుడల్లా తిరిగి రాసేవాణ్ణి. బావిలోకి అరిచినట్టే. మా ఆవిడ అనేది, నీకేం పనయ్యా, పారేయరాదా అని. పారేయబుద్ధి కాలేదు. ఎవరికో రావాల్సినవి కదా.”

“కిందటేడు ఒకటి వచ్చింది, ఆదివారం గురించి...”

“వచ్చే ఉంటుందండీ. చాలా వస్తాయి. అవేవీ నాకు ముక్క అర్థం కావు. సేవలు, వ్యవస్థ, అదీ ఇదీ.” డబ్బా పక్కన పెట్టాడు. “మొన్న బుధవారం వచ్చింది మాత్రం బాగా రాశారు మేష్టారూ. చదవగానే అర్థమైంది. ఒంటరిగా ఉండొద్దన్నారని, ఇదిగో, మా అల్లుణ్ణి కూడా రమ్మన్నాను.”

మోటరు వెనక నుంచి అల్లుడు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆయన తప్పేమీ లేదు. మంచినీళ్లు తాగి వెళ్లమన్నాడు. తాగాను. ఆ నీళ్లలోనూ క్లోరిన్ వాసన ఉన్నట్టనిపించింది.

తిరిగి లైబ్రరీ మెట్లు దిగాను. ప్రకటన ఎక్కడికి వెళ్లిందో బైండర్ అమ్మాయికి చెప్పాను. మూడింటి దాకా ఇక్కడే కూర్చుంటానన్నాను. “దానికేం సార్” అని, స్టూలు ప్రెస్ పక్కకు జరిపింది. కాసేపటికి నా చేతికి అద్దుడు కాగితాల కట్ట ఇచ్చి, ఒక్కొక్కటీ అందించమంది. అందించాను. నా భార్య ఎన్నిసార్లు రమ్మన్నా ఆ గదిలో ఎప్పుడూ అంతసేపు కూర్చోలేదు. మనుషులు ఎంత నెమ్మదిగా పనిచేయగలరో తెలిసింది.

ఫోన్ నాకు చేయి చాపితే అందే దూరంలో ఉంది. ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదు. రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. గరగర లేదు, గాలి చప్పుడు లేదు. చేతిలో బరువు మాత్రం ఉంది. నా భార్య దీన్ని ఎంతసేపు పట్టుకుందో, ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియదు. పలుకుతుందేమోనని కాసేపైనా ఆగి ఉంటుంది. ఏ పనిలోనైనా తొందరపడే మనిషి కాదు.

“సార్, పనిచేయదు కదా” అంది అమ్మాయి మెల్లగా.

“తెలుసమ్మా.”

అయినా దించలేకపోయాను. అమ్మాయి కాగితాలు తనే తీసుకోసాగింది. అలా ఎంతసేపున్నానో. ఉన్నట్టుండి చెవిలో సన్నగా, ఎడతెగకుండా ఒక మోత మొదలైంది. లైను వచ్చింది. కిందటేడూ ఇలాగే వచ్చి ఉంటుంది, తీగకు వేలాడుతూ, వినేవాళ్లు లేకుండా. ఇంకొన్ని నిమిషాల్లో మూడో అంతస్తులో యంత్రం ఈ నంబరుకు కాల్ చేస్తుంది. రిసీవర్ ఇలాగే ఉంటే, వాడుకలో ఉంది అని రాసుకుంటుంది.

రిసీవర్ దాని చోట పెట్టేశాను. కాసేపటికి ఫోన్ మోగింది. నేను కదల్లేదు. అమ్మాయే ఎత్తి, విని, పెట్టేసింది.

“ఎవరమ్మా?”

“ఎవరూ కాదు సార్. రికార్డు. ఫోన్ పనిచేస్తోందని చెబుతోంది.” మళ్లీ ప్రెస్ దగ్గరికి వెళ్లి, మర మీద చేయి వేసి ఆగింది. “ఈ గది ఎక్కడుందో దానికి తెలుసు కదా సార్. అదేదో పొద్దున్నే ఇలా ఫోన్ చేసి, మధ్యాహ్నం పనిచేయదని చెబితే సరిపోయేదిగా?”

డైరెక్టర్‌కు ఆ మాట రాయాలి. బాగా రాయగలను కూడా, మూడు వాక్యాల్లో, ఎవరికైనా అర్థమయ్యేలా. ఏ చిరునామాకు పంపాలా అని ఆలోచిస్తూ ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. అమ్మాయి మర బిగించింది. పుస్తకాల మధ్య నుంచి మిగిలిన జిగురు సన్నటి గీతలా బయటికొచ్చింది. దాన్ని తను, నా భార్య వాడిన మడతపుల్లతో గీకి, పుల్లను గుడ్డకు తుడిచింది.

“వచ్చే ఆదివారం కూడా వస్తారా సార్?” అని అడిగింది.

వస్తానన్నాను.